సర్ థామస్ మన్రో

కడప, కర్నూలు, అనంతపురము, బళ్ళారి ప్రాంతములను మన పూర్వులు దత్తమండలములని పిలిచెడివారు. రాయలసీమ యను పేరు 1928వ సంవత్సరమున నంద్యాలలో జరిగిన సభ తరువాత వ్యాప్తిలోనికి వచ్చెను. దత్తమనగా ఇయ్యబడినదని అర్థము. ఒక యింటి బిడ్డను మరియొక యింటికి దత్తత యిచ్చుట మనమెరుగుదుము. కాని లక్షల ప్రజలు నివసించు సీమను దత్తమిచ్చుట యెట్లు? ఇచ్చినవారెవరు? పుచ్చుకొన్నవారెవరు? దానికి కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము ఒక సైన్యపు ఖర్చుల లెక్కలో నున్నది. ఆ ఖర్చు తీర్చుటకై మన సీమ కంపెనీవారి చేతికి పోయెను. దాని శిస్తు నిర్ణయించుటకు వచ్చిన మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. మన పెద్దలు ఆయనను మన్రో దొర యనిరి.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. ఆయన తండ్రి అలెగ్జాండరు మన్రో వర్తకుడు. అమెరికాలోని వర్జీనియానుండి పొగాకు తెప్పించి అమ్ముట ఆయన వ్యాపారము. ఇంట సిరిసంపదలకు కొదువ లేకుండెను. బాలుడైన థామస్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివెను. పుస్తకములన్న ఆయనకు ప్రాణము. స్పానిషు భాషలోని ఒక ప్రసిద్ధ గ్రంథమును మూలమున చదువవలెనను కోరికతో ఆ భాషను స్వయముగా నేర్చుకొనెను. చిన్ననాట వచ్చిన జబ్బు వలన ఆయనకు వినికిడి కొంత తగ్గెను. ఆ లోపము జీవితాంతము ఆయనను విడువలేదు.

ఇట్లుండగా అమెరికాలోని వలస రాజ్యములు ఇంగ్లాండు మీద తిరుగబడి స్వాతంత్ర్య యుద్ధము ప్రారంభించెను. వర్జీనియాతో వర్తకము నిలిచిపోయెను. అక్కడివారు ఇయ్యవలసిన బాకీలు రాలేదు. అలెగ్జాండరు మన్రో వ్యాపారము కూలిపోయెను. సముద్రమున కావలి గట్టున జరిగిన యుద్ధము, ఎవరి మీదను కత్తి దూయని ఒక వర్తకుని కుటుంబమును బీదరికమున పడవేసెను. వర్తకుడు కావలసిన కుమారుడు బ్రతుకుతెరువు వెదకుకొనవలసివచ్చెను. ఈస్టిండియా కంపెనీ సైన్యమున ఒక చిన్న కొలువు దొరకెను. 1780వ సంవత్సరము జనవరి నెలలో, పందొమ్మిదేండ్లయినను నిండని మన్రో మద్రాసు రేవున దిగెను.

ఆ యేడే మైసూరు ప్రభువైన హైదరాలీ కర్ణాటక దేశముపై దండెత్తెను. కాంచీపురమునకు సమీపమున పొల్లిలూరు వద్ద కంపెనీ సేన యొకటి పూర్తిగా నాశనమయ్యెను. మన్రో ఉన్న దళము ఆ సేనను కలిసికొనజాలక వెనుకకు మరలెను. ఆ యుద్ధము నాలుగేండ్లు సాగెను. పిదప 1790 నుండి 1792 వరకు టిప్పు సుల్తానుతో మరియొక యుద్ధము జరిగెను. ఈ రెంటిలోను మన్రో సైనికుడుగా పాల్గొనెను. గుడారములలో నివసించుచు ఆయన పారసీ, హిందుస్థానీ భాషలను శ్రద్ధతో నేర్చెను. తన కొద్దిపాటి జీతములోనే కొంత మిగిల్చి స్వదేశమునందలి తల్లిదండ్రులకు పంపుచుండెను.

1792వ సంవత్సరపు సంధిలో టిప్పు కోల్పోయిన బారామహలు ప్రాంతము కంపెనీకి వచ్చెను. అది సేలము సీమకు ఉత్తరపు భాగము. అచ్చట శిస్తు ఏర్పాటు చేయుటకు కెప్టెన్ అలెగ్జాండరు రీడ్ అను ఉద్యోగి నియమింపబడెను. మన్రో ఆయనకు సహాయకుడుగా ఏడేండ్లు పనిచేసెను. బంగాళమున కంపెనీవారు జమీందారులతో శాశ్వతముగా శిస్తు ఒప్పందము చేసికొనిరి. బారామహలులో రీడును, మన్రోయును మరియొక మార్గము త్రొక్కిరి. నడుమ జమీందారు లేకుండ, దున్నెడు రైతుతోనే దొరతనమువారు నేరుగా లెక్క చూచుకొనుట వారి పద్ధతి. ఏ పొలమునకు ఎంత శిస్తో పట్టాలో వ్రాసి యిచ్చెడివారు. ఇదియే రైతువారీ పద్ధతి. 1799వ సంవత్సరమున శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు మరణించిన పిమ్మట మన్రో కొంతకాలము పడమటి తీరమందలి కన్నడ మండలమున కలెక్టరుగా నుండి, 1800వ సంవత్సరమున మన సీమకు వచ్చెను.

మన సీమ కంపెనీ చేతికి వచ్చిన విధము తెలిసికొనదగినది. ఆ కాలమున గవర్నరు జనరలైన వెల్లస్లీ ప్రభువు దేశ రాజులతో సైన్య సహాయ ఒప్పందములు చేసికొనుచుండెను. ఈ ఒప్పందము ప్రకారము కంపెనీ సేన రాజు రాజ్యములో నిలిచి ఆయనను కాపాడును. ఆ సేన జీతబత్తెములను రాజే భరింపవలెను. కంపెనీ అనుమతి లేక ఆయన ఇతర రాజులతో యుద్ధముగాని సంధిగాని చేయరాదు. హైదరాబాదు నిజాము అలీఖాను 1798వ సంవత్సరమున ఇట్టి ఒప్పందమునకు లోబడెను. ఫ్రెంచివారు తీర్చిదిద్దిన ఆయన స్వంత పటాలములను కంపెనీవారు విడగొట్టించిరి. వాటికి మారుగా వచ్చిన కంపెనీ సేనకై ఆయన ఏటేట ఇరువదినాలుగు లక్షల రూపాయలకు పైగా చెల్లింపవలసియుండెను. 1800వ సంవత్సరము అక్టోబరు నెలలో క్రొత్త సంధి వ్రాసి సేనను ఇంకను పెంచిరి. ఖర్చు కూడ పెరిగెను. ఇకమీదట రొక్కముతో పనిలేదు, దానికి బదులుగా భూమినే ఇయ్యవలెనని నిర్ణయమయ్యెను. 1792, 1799 సంవత్సరముల యుద్ధములలో టిప్పు రాజ్యమునుండి నిజామునకు పంపకములో వచ్చిన భూములు ఇట్లు కంపెనీకి దత్తమయ్యెను. కర్నూలు నవాబు తన పట్టణమందే యుండెను. కాని ఆయన నిజామునకు చెల్లించు కప్పము ఇకమీదట కంపెనీకి చెల్లింపవలసివచ్చెను.

దీనిలోని మర్మమును గమనింపుడు. రాజు తన రక్షణకని సేనను పెట్టుకొనెను. ఆ సేన ఆయన ఆజ్ఞకు లోబడదు. దాని ఖర్చు మాత్రము ఆయనది. ఆ ఖర్చు తీర్చుటకు భూమి పోయెను. భూమితోపాటు దానిని దున్నెడు రైతులును క్రొత్త యజమాని చేతికి పోయిరి. ఈ బేరములో రైతును అడిగినవారు లేరు. కత్తి దూయకయే రాజ్యము గెలిచెడి ఉపాయమిది.

మన్రో వచ్చునప్పటికి సీమ మిక్కిలి చితికియుండెను. విజయనగర సామ్రాజ్యము పతనమైన నాటినుండి ఈ నేలపై నవాబులు, మరాఠాలు, మైసూరువారు, నిజాము సర్దారులు ఒకరి వెనుక నొకరు వచ్చి కప్పములు లాగికొని పోయిరి. పల్లెలలో నిజమైన అధికారము పాలెగాండ్రది. వారు పూర్వము రాజులకొరకు కావలి కాయుటకును, యుద్ధములకు బంట్లను పంపుటకును భూములు పొందినవారు. దత్తమండలములలో అట్టివారు సుమారు 80 మంది యుండిరి. వారి క్రింద ముప్పదివేలమంది ఆయుధపాణులైన బంట్లు కలరని ఆనాటి అంచనా. వారిలో ప్రజలను బాధించినవారు కలరు, చెరువులు త్రవ్వించి గుళ్ళు నిలిపి ఆపదలో ఆదుకొన్నవారును కలరు. కావలి రుసుము వారికిని, శిస్తు సర్కారునకును చెల్లించి రైతు రెండు విధముల నలుగుచుండెను.

రెండు కత్తులు ఒక ఒరలో ఇమడవని మన్రో తలచెను. పాలెగాండ్ర కప్పములను ఆయన గట్టిగా పెంచెను. చెల్లింపనివారి మీదికి జనరల్ డూగల్డ్ కాంబెలు సేనలను నడిపెను. కోటలు నేలమట్టమయ్యెను. కొందరు పారిపోయిరి, కొందరు బందీలైరి, కొందరు భూములు పోగొట్టుకొని చిన్న భరణములతో తృప్తిపడవలసివచ్చెను. ఈ కాఠిన్యమును గూర్చి లండనులోని కంపెనీ డైరెక్టర్లు సహితము ప్రశ్నించిరి. మన్రో తన మార్గమును సమర్థించుకొనెను.

కత్తి పాలెగాండ్ర మీదనే ఆగలేదు. ఇప్పటి కర్నూలు జిల్లాలో తెర్నేకల్లు అను గ్రామము కలదు. 1801వ సంవత్సరమున ఆ గ్రామస్థులు శిస్తు విషయమున ఎదురుతిరిగి తహసీల్దారును చంపిరి. సేన వచ్చి వారి మట్టికోటను ముట్టడించెను. మొదటి దాడి విఫలమయ్యెను. పెద్ద ఫిరంగులు వచ్చిన పిదప కోట పడిపోయెను. పెక్కుమంది గ్రామస్థులు ప్రాణములు కోల్పోయిరి. నిజాము కాపుదలకని పోగుచేసిన సేనకు వ్యయము సమకూర్చుట యెట్లుండునో తెర్నేకల్లు కథ చెప్పుచున్నది.

ఇదియంతయు మన్రో జీవితమున ఒక ముఖము. రెండవ ముఖము వేరు. ఆయన అనంతపురమును తన ముఖ్య స్థానముగా చేసికొని, నలుగురు సబ్ కలెక్టర్లను ఏర్పరచి, తాను సంవత్సరములో ఎక్కువ కాలము గుడారములలోనే గడిపెను. అంగరక్షకులు లేకుండ గుర్రముపై ఊరూరు తిరిగెడివాడు. చెట్టు క్రింద కూర్చుండి రెడ్లను, కరణములను, సామాన్య రైతులను రప్పించి వారి మొరలు వినెడివాడు. తక్కువ వినికిడి గల ఆ దొర ఓపికతో అడిగినదే అడిగి తెలిసికొనెడివాడని ప్రతీతి. కరణము కవిలెలో వ్రాసినదానికిని, పొలములో పండినదానికిని గల తేడాను కనుగొనుటలో ఆయన నేర్పరి.

1802వ సంవత్సరమున ఆయన దత్తమండలముల భూముల నన్నిటిని కొలిపింప నారంభించెను. ముప్పదిమూడు అడుగుల గొలుసు కొలతసాధనము. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరము ఒక గుంట. నలువది గుంటలు ఒక ఎకరము. ఈ కొలత నేటికిని మన పల్లెలలో వాడుకలో నున్నది. గొలుసువారు ముందు నడచిరి. వారి వెనుక మదింపుదారులు నడచి నేల నల్లరేగడియా, ఎర్రనేలయా, చౌడా అని చూచి తరములు ఏర్పరచిరి. మెట్ట, తరి, తోట అని భూములను విభజించిరి. ఈ పని 1806వ సంవత్సరము వరకు సాగెను. అంతకు మునుపు రైతు తన పొలమునకు ఏటేట ఎంత చెల్లింపవలెనో తెలియక అధికారి నోటి మాటకు ఎదురు చూచెడివాడు. ఇప్పుడు పొలమునకు కొలత, కొలతకు శిస్తు, శిస్తునకు పట్టా వచ్చెను. ఇది చిన్న మేలు కాదు.

కాని కొలత న్యాయమైనంతమాత్రమున భారము న్యాయమగునా? శిస్తు మొత్తమును పూర్వపు వసూళ్ళ లెక్కలు చూచి ముందుగా అంచనా వేసి, పిదప దానిని గ్రామములకును, పొలములకును పంచిరి. పంటలో సుమారు నూటికి నలువదియైదు పాళ్ళు సర్కారునకు పోవునట్లు శిస్తు తేలెను. పది బస్తాల జొన్న పండినచో నాలుగున్నర బస్తాల విలువ సర్కారుది. మిగిలిన దానిలో విత్తనము, ఎద్దుల మేత, కూలి, ఇంటి తిండి అన్నియు జరుగవలెను. ఇంతియకాక ఒక రైతు శిస్తు చెల్లింపలేకపోయినచో ఆ బాకీలో కొంత భాగమును, నూటికి పదికి మించకుండ, ఇరుగుపొరుగు రైతులు పంచుకొని తీర్చవలెనను నియమము కూడ కలదు. ఒకని చేను ఎండిన, పక్కవాని గాదె తరుగును.

ఆ సంవత్సరములలోనే కాలము ఎదురుతిరిగెను. వానలు చాలక పంటలు దెబ్బతినెను. అదే సమయమున, 1803వ సంవత్సరమున, కంపెనీ మరాఠా సర్దారులతో యుద్ధమునకు దిగెను. గవర్నరు జనరలు తమ్ముడైన ఆర్థరు వెల్లస్లీ దక్కనులో సేనలను నడిపెను. తరువాతి కాలమున వాటర్లూ యుద్ధమున నెపోలియనును ఓడించిన సేనాని ఇతడే. ఆయన సేనకు ధాన్యము, ఎద్దులు, రొక్కము కావలసివచ్చెను. వానిని సమకూర్చుటలో మన్రో ముఖ్యముగా తోడ్పడెను. అస్సేయి యుద్ధమున విజయము పొందిన పిమ్మట వెల్లస్లీ ఆ యుద్ధ విశేషములను మన్రోకు జాబు వ్రాసి తెలిపెను. యుద్ధరంగము మన సీమకు చాల దూరము. ఐనను దాని బరువు మన సీమ కళ్ళముల మీద పడెను. యుద్ధ సమయమున ఖజానాకు రొక్కము కావలెను, కావున శిస్తు తగ్గింపుమని అడుగుటకు అది అదను కాదు. మన్రో ఈ సంగతి ఎరుగును. ఏడు సంవత్సరములలో దత్తమండలముల భూమిశిస్తు సుమారు నాలుగు లక్షల పౌనులనుండి ఆరు లక్షల పౌనులకు పెరిగెను. ప్రభుత్వము ఆయనను మెచ్చుకొనెను.

ఇక్కడ మన్రో చేసిన పని ఆయన జీవితమునకే వన్నె తెచ్చినది. ఇంత శిస్తు వసూలు చేసి మెప్పు పొందిన ఉద్యోగి తన వసూలే అధికమని ఒప్పుకొనుట అరుదు. 1807వ సంవత్సరము ఆగస్టు నెలలో, సీమను విడుచుటకు ముందు, ఆయన ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. శిస్తు రైతు శక్తికి మించినది, దానిలో నాలుగవ వంతు తగ్గింపవలెను, తోట భూములకు ఇంకను కొంత తగ్గింపవలెను అని అందు సూచించెను. లెక్క వేసి చూడుడు. నలువదియైదులో నాలుగవ వంతు తీసివేసిన, సర్కారు భాగము పంటలో మూడవ వంతునకు దిగును. అప్పుడే రైతు నాలుగు గింజలు మిగిల్చి బావి త్రవ్వగలడు, బంజరు దున్నగలడు, భూమికి విలువ కలుగును అని మన్రో భావము.

ఈ సూచన అంగీకరింపబడలేదు. ఖజానాకు రాబడి తగ్గుట పైవారికి ఇష్టము లేదు. మన్రో స్వదేశమునకు వెడలిపోయెను. 1808వ సంవత్సరమున దత్తమండలములు బళ్ళారి, కడప అను రెండు జిల్లాలుగా విభజింపబడెను. రైతువారీ పద్ధతిని తీసివేసి గ్రామములను గుత్తకిచ్చిరి. మొదట మూడేండ్ల గుత్త, పిదప పదేండ్ల గుత్త. గుత్తదారులు పోటీపడి అధికముగా పాడుకొనిరి. పాడిన మొత్తము రాబట్టుకొనుటకు రైతులను పీడించిరి. అయినను వసూలు కాక పెక్కుమంది గుత్తదారులు తామే దివాలా తీసిరి. సేద్యము తగ్గెను. రైతులు ఊళ్ళు విడిచిపోయిరి. నాలుగవ వంతు విడుచుటకు మనసు రాని ప్రభుత్వము అంతకంటె ఎక్కువ పోగొట్టుకొనెను.

ఇంగ్లాండులో మన్రో ఊరకుండలేదు. 1813వ సంవత్సరమున కంపెనీ అధికార పత్రమును పార్లమెంటు తిరిగి పరిశీలించుచున్నప్పుడు ఆయన సాక్ష్యమిచ్చెను. భారతదేశపు రైతులు, నేతగాండ్రు ఎవరికిని తీసిపోరని ఆయన సభ్యులకు తెలిపెను. తాను ఏడేండ్లుగా వాడుచున్న ఇక్కడి శాలువ క్రొత్తదానివలెనే యున్నదని ఉదాహరణగా చెప్పెను. 1814వ సంవత్సరమున జేన్ కాంబెలును వివాహమాడి, న్యాయ పోలీసు శాఖల సంస్కరణకై తిరిగి మద్రాసు చేరెను. 1817వ సంవత్సరమున మరాఠాలతో మరల యుద్ధము వచ్చినప్పుడు ఆయన తిరిగి కత్తి పట్టెను. స్వల్ప సేనతో ధారవాడ, బాదామి ప్రాంతములలో కోటలు పట్టుకొనెను. పల్లె ప్రజలలోనుండియే బంట్లను చేర్చుకొనుట ఆయన నేర్పు.

1820వ సంవత్సరమున సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరయ్యెను. పదుమూడేండ్ల క్రిందట కలెక్టరుగా తాను అడిగిన తగ్గింపు ఇప్పుడు అమలులోనికి వచ్చెను. మెట్ట, తరి భూములకు నాలుగవ వంతు, తోటలకు మూడవ వంతు తగ్గించి రైతువారీ పద్ధతిని మరల నిలిపిరి. కాని ఆ పదుమూడేండ్లలో పాడుపడిన పొలములను, చెదరిపోయిన కుటుంబములను ఏ ఆజ్ఞయు వెనుకకు తేజాలదు.

గవర్నరుగా ఆయన చేసిన పనులలో విద్యా పరిశోధన యొకటి. 1822వ సంవత్సరమున మద్రాసు రాజధాని యందలి బడులను, విద్యార్థులను లెక్కింపుమని కలెక్టర్లను ఆదేశించెను. 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. విద్య ఇంత తక్కువగా నుండుటకు ప్రజల బీదరికము ముఖ్య కారణమని మన్రో గుర్తించెను. భారతీయులకు ఉన్నతోద్యోగములు ఇయ్యక వారిని చిన్న కొలువులకే పరిమితము చేయుట తప్పని 1824వ సంవత్సరము డిసెంబరు నెలలో ఒక దీర్ఘ నివేదికలో వ్రాసెను. ఆ సంవత్సరమే బర్మా యుద్ధము ప్రారంభమయ్యెను. మద్రాసు సిపాయిలు సముద్రము దాటి వెడలిరి. వారికి ఆహారము, ఎద్దులు, ఓడలు సమకూర్చు భారము మన్రోపై పడెను. యుద్ధముచే ఇల్లు కూలిన వర్తకుని కుమారుడు తన బ్రతుకంతయు యుద్ధముల ఖర్చు సమకూర్చుచునే గడిపెను.

1826వ సంవత్సరమున బర్మా యుద్ధము ముగిసెను. బిడ్డ ఆరోగ్యము బాగుండనందున మన్రో భార్య అప్పటికే ఇంగ్లాండునకు బయలుదేరెను. ఆయన కూడ పదవి విడువనెంచెను. పోవుటకు ముందు, తాను ఏడేండ్లు తిరిగిన దత్తమండలములను కడసారి చూడవలెనని 1827వ సంవత్సరపు వేసవిలో బయలుదేరెను. గుత్తి మీదుగా పత్తికొండ చేరునప్పటికి ఆయన పరివారమున కలరా వ్యాపించియుండెను. జూలై 6వ తేదీన ఉదయము ఆయనకు ఆ వ్యాధి సోకెను. నాటి రాత్రియే పత్తికొండలో మరణించెను. గుత్తిలో ఆయనను సమాధి చేసిరి. నాలుగేండ్ల పిదప అస్థికలను మద్రాసులోని సెంటు మేరీ చర్చికి చేర్చిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము తోపు నాటి బావి త్రవ్వించిరి. గుత్తిలో సత్రము కట్టించిరి. మద్రాసు నగరమున అశ్వముపై నున్న ఆయన విగ్రహము నిలిపిరి.

రాళ్ళకంటె ప్రజల మాటలలో ఆయన పేరు ఎక్కువగా నిలిచెను. దత్తమండలములలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. కడప జిల్లా గండి వద్ద రెండు కొండల నడుమ ఆయనకు బంగారు తోరణము కనిపించెనని, అది కనిపించినవారు త్వరలో మరణింతురని ఒక కథ కలదు. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనము వద్ద ఆయనకు స్వామి దర్శనమిచ్చి మాటలాడెనని, మఠపు మాన్యము ఆయన నిలిపెనని మరియొక కథ కలదు. ఇవి చరిత్ర కాకపోవచ్చును. తమ చేను గట్టుకు వచ్చి తమ మాట వినిన అధికారిని ప్రజలు ఎంత ఆశ్చర్యముతో చూచిరో ఇవి తెలుపును.

కాని ప్రజల జ్ఞాపకములో మరియొక పేరు కూడ కలదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాలెగాండ్ర వంశమువాడు. భూములు పోయిన ఆ కుటుంబమునకు మిగిలినది నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసల భరణము. నొస్సము పాలెగాడైన తాత మరణించినప్పుడు ఆయన భరణము కూడ ఆగిపోయెను. కావలి కాయు కట్టుబడివాండ్ర మాన్యములను కూడ సర్కారు కలుపుకొనసాగెను. 1846వ సంవత్సరమున నరసింహారెడ్డి వారిని కూడగట్టి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసెను. 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. మన్రో పత్తికొండలో కన్నుమూసి అప్పటికి ఇరువదేండ్లు కూడ నిండలేదు. ఒకే సీమ ఒకని పేరు బిడ్డలకు పెట్టుకొనెను, మరియొకనిపై పాటలు కట్టుకొనెను.

ఇందు విరుద్ధమేమియు లేదు. మన్రో తన కాలపు ఉద్యోగులలో న్యాయబుద్ధి గలవాడు. భారమును కొలిచి పంచెను, అధికమైనదని తెలిసినప్పుడు దాచక చెప్పెను. కాని ఆ భారము పుట్టినది రైతు పొలములో కాదు. దూరముననున్న రాజుల భయములలో, సేనాపతుల లెక్కలలో అది పుట్టెను. దానిని కాదనుటకు మన్రోకు అధికారము లేదు, కాదనవలెనని ఆయన తలచినట్లును కానరాదు. దత్తమండలములను పేరు నేడు వాడుకలో లేదు. అయినను కర్నూలునుండి పత్తికొండ మీదుగా గుత్తికి పోవు బాటసారి ఇరువైపుల గల మెట్టచేలను చూచినప్పుడు, ఒకనాడు ఈ గట్ల వెంబడి ముప్పదిమూడు అడుగుల గొలుసు సాగిన సంగతిని, దానితో కొలిచినది నేలనే కాదు, ఒక సైన్యపు ఖర్చులో ప్రతి రైతు వంతును అను సంగతిని తలచుకొనవలెను.